అరవై నాలుగో అగ్గిపెట్టె

మూడో తరగతి సాంఘిక పాఠాల్లో మొదటిది ‘మన ఊరి పటం’. ఆ పాఠాన్ని నేను ఇరవై రెండేళ్ల పాటు ఒకే తీరున చెప్పాను. నల్లబల్ల మీద నాలుగు గీతలు గీసి, ఇది బడి, ఇది నుయ్యి, ఇది రోడ్డు అనేవాణ్ణి. చూసి రాసుకోండర్రా అని కుర్చీలో కూలబడేవాణ్ణి. అంతకు మించి ఒంట్లో ఓపిక ఉండేది కాదు. వన్ టౌన్‌లోని మా అద్దె వాటా నుంచి మెరకపాలెం బడికి రావాలంటే రెండు బస్సులు మారి, గాజువాక దాటాక మూడు మైళ్లు నడవాలి. ఐదు తరగతులకీ కలిపి నేనొక్కణ్ణే మేష్టర్ని. రెండో తరగతి చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేలోపు ఒకటో తరగతిలో ఒకడు ఇంకొకణ్ణి కొరికేవాడు.

ఆ ఏడు, అంటే డెబ్భై ఎనిమిదిలో, డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు ఒక సర్క్యులర్ పంపారు. గాజువాకలో జరిగే ఉపాధ్యాయ కేంద్రం సమావేశానికి ప్రతి బడీ పిల్లల చేత చేయించిన బోధనోపకరణం ఒకటి తేవాలి. అంతకు ముందు జరిగిన ఏడు సమావేశాలకీ నేను ఒకే అట్ట గడియారం పట్టుకెళ్లాను. ముళ్లు ఊడిపోతుంటే మేకు కొట్టాను, అప్పట్నుంచి అది పదీ పదికే ఆగిపోయింది. ‘శ్రీరామ్మూర్తి గారూ, ఈసారి గడియారం వద్దు’ అని సర్క్యులర్ అడుగున ఎర్ర సిరాతో రాసి మరీ పంపారు.

సిగ్గేసింది. సిగ్గు కంటే భయం ఎక్కువ వేసింది. మా ఇంటికి ఐదు నిమిషాల నడకలో ఉన్న వన్ టౌన్ బడికి బదిలీ చెయ్యమని నేను అర్జీ పెట్టుకుని రెండేళ్లయింది. ఆ కాగితం ఆయన బల్ల మీదే ఉంది. ఈ ఏడు తప్పక అవుతుందని అక్కడి గుమస్తా చెప్పాడు. బస్సు ఎక్కకుండా బడికి వెళ్లే రోజు గురించి నేను ఆలోచించినంతగా పెళ్లికి ముందు మా ఆవిడ గురించి కూడా ఆలోచించలేదు.

అంచేత ఆ సోమవారం విరిగిపోయిన పాత నల్లబల్లని నేల మీద పరిచి, దాని మీద ఊరు కట్టమని పిల్లలకి చెప్పాను. మట్టి తెచ్చారు. ఇళ్లకి ఖాళీ అగ్గిపెట్టెలు, తాటిచెట్లకి చీపురు పుల్లలు, నూతికి సోడా మూత. వీధిలో ఎవరింటికి ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టుకు రమ్మన్నాను. వంద అడుగులకి జానెడు. వాళ్లు నడుస్తూ, లెక్క తప్పుతూ, మళ్లీ మొదటికి వెళ్లి నడిచారు. నమూనా అచ్చం ఊరిలాగే ఉండాలి, ఊళ్లో ఉన్నది బల్ల మీద ఉండాలి, బల్ల మీద ఉన్నది ఊళ్లో ఉండాలి అని వారమంతా చెబుతూ వచ్చాను. నిజం చెప్పొద్దూ, ఒకరోజు బస్సు టైము కూడా మర్చిపోయాను.

ఊరి గోడల మీద నంబర్లుండేవి. మెరకపాలెం మొత్తం కొత్తగా రాబోయే కర్మాగారం కిందకి పోతుంది. సర్వే గుమస్తా వచ్చి ఇంటింటి గోడ మీదా ఎర్ర రంగుతో నంబరు వేయించాడు. నంబరు ఉన్న ఇల్లు పడగొట్టినప్పుడు ఆ ఇంటివాళ్లకి కొత్త కాలనీలో స్థలం ఇస్తారు. నంబరు లేని ఇంటివాళ్లు తట్టాబుట్టా సర్దుకుని తమ దారి తాము చూసుకోవాలి. ఒకటో తరగతి పిల్లకి కూడా ఈ సంగతి ఎక్కాలకంటే బాగా వచ్చు. అందుకని నేను చెప్పకుండానే పిల్లలు అగ్గిపెట్టెల మీద కూడా నంబర్లు రాశారు.

శుక్రవారం మధ్యాహ్నం గొడవ మొదలైంది. మూడో తరగతి తాయారు తన అగ్గిపెట్టె బల్ల చివర పెట్టబోతే ఐదో తరగతి గౌరీశ్వరి చెయ్యి అడ్డం పెట్టింది. గౌరీశ్వరి క్లాసు లీడరు, నాకంటే ఖచ్చితమైన మనిషి.

“నంబర్నేని ఇల్లు ఎలగ పెడతాం మేస్టారూ? సర్వేవోళ్ల కాయితంలో అది నేదు” అంది.

“మా ఇల్లుందండి. రాత్రి అందుల్నే తొంగున్నాను” అంది తాయారు.

తాయారు తల్లి చిట్టమ్మ. మొగుడు పోయాక కూలికి పోయి పిల్లని పెంచుకుంటోంది. సర్వే జరిగినప్పుడు తల్లీ పిల్లా ఊడ్పుల కోసం నాలుగు రోజులు వేరే ఊరు వెళ్లారు. పాకకి తాళం ఉంది. తాళం ఉన్న పాకని సర్వేవాళ్లు ఖాళీ కొట్టం అనుకుని వదిలేసి వెళ్లిపోయారు.

అప్పుడు నేను నాలుగో తరగతికి భాగహారాలు చెబుతున్నాను. ఒకటో తరగతిలో ఏడుపులు. తలనొప్పి. “అరవై మూడు తరవాత ఎంత? అరవై నాలుగు. రాసి పెట్టెయ్యమ్మా, గొడవ వదిలిపోతుంది” అన్నాను. తాయారు అగ్గిపెట్టె మీద అరవై నాలుగు రాసింది. గొడవ వదిలిపోయిందనే అనుకున్నాను.

మంగళవారం పొద్దున్న సర్వే గుమస్తా మొహియుద్దీన్ గారు బడి గుమ్మంలోకి వచ్చారు. మాదీ ఆయనదీ ఒకే పేట. బస్సులో అప్పుడప్పుడు పక్కపక్కన కూర్చుని కునికిపాట్లు పడుతూ ఉంటాం. ఆయన వెనక చిట్టమ్మ, ఆమె కొంగు పట్టుకుని తాయారు. పిల్ల గోళ్లలో ఇంకా ఎర్రగా, గోడలకి పూసే జాజు ఉంది.

“ఏటి మాస్టారూ ఇది? నా లిస్టు అరవై మూడుతో అయిపోయింది. ఈవిడ గోడ మీద అరవై నాలుగుంది. నాను వెయ్నేదు” అన్నారు మొహియుద్దీన్ గారు.

“నానూ ఎయ్నేదు బావూ. పన్నోంచి వచ్చేతలికి గోడ మీదుంది. పిల్లనడిగితే మేస్టారు రాయమన్నారంది” అంది చిట్టమ్మ.

బడంతా నా వైపు చూసింది.

“అగ్గిపెట్టె మీద రాయమన్నాను. గోడ మీద కాదు” అన్నాను.

అబద్ధం కాదది. అయినా ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. తాయారు మాత్రం ఏమీ తప్పు చెయ్యనట్టే తలెత్తి, “మీరే కదండి, బల్ల మీదున్నది ఊళ్లో ఉండాలన్నారు” అంది.

ఇరవై రెండేళ్లలో నేను మనసు పెట్టి చెప్పింది ఒక్క పాఠం. దాన్ని అక్షరాలా నేర్చుకున్నది ఒక్క పిల్ల. దాని వల్ల వాళ్లమ్మ దొంగ నంబరు వేసిన మనిషై నిలబడింది.

మొహియుద్దీన్ గారు మంచివారే. గడపలోనే కూర్చుని చెమట తుడుచుకున్నారు. “ఆవేళ తాళం చూసి నానే పొరబడ్డాను. ఇప్పుడేటంటే, వదిలిపోయిన ఇల్లని రాసి పైకి పంపొచ్చు. గడువు ఎల్లుండి. కానీ ఉత్త మాట మీద పంపితే మా ఆఫీసరు ఒప్పుకోడు, పైగా గోడ మీద దొంగ నంబరుంది. ఏదో ఒక కాయితం కావాల. మీ అడ్మిషన్ రిజిస్టర్లో పిల్ల నివాసం ఉంటాది కదా, అది చాలు” అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ట్రంకుపెట్టె తెరిచి రిజిస్టరు తీశాను. రెండేళ్ల కిందటి పేజీ. తాయారు పేరు ఏడోది. తండ్రి పేరు ఉంది, పుట్టిన తేదీ ఉంది. నివాసం అన్న గడిలో రెండు చుక్కలున్నాయి. పైనున్నదే ఇక్కడా అని చెప్పే డిటో గుర్తు.

మొహియుద్దీన్ గారు ఆ చుక్కల మీద వేలు పెట్టి నెమ్మదిగా పైకి జరిపారు. ఆరో పేరు, చుక్కలు. ఐదో పేరు, చుక్కలు. వేలు పేజీ మొదటికి వెళ్లి ఆగింది. మొదటి పేరు ఎవరో కుర్రాడిది. అమ్మమ్మ గారింట్లో ఉండి ఒక్క ఏడాది చదివి వెళ్లిపోయాడు. వాడి నివాసం గాజువాక. ఆ కింద పదకొండు మంది మెరకపాలెం పిల్లలు ఉన్నారు. నా రిజిస్టరు ప్రకారం పదకొండు మందీ గాజువాక వాస్తవ్యులే.

ఆ జూన్ నెల నాకు గుర్తొచ్చింది. ఎండ మండిపోతోంది. తల్లిదండ్రులు వరండాలో నిలబడి ఉన్నారు. మీ ఇల్లెక్కడ అని నేను ఒక్కర్నీ అడగలేదు. తలెత్తకుండా చుక్కలు పెట్టుకుంటూ పోయాను.

“అందుల ఏటుంది బావూ?” అని అడిగింది చిట్టమ్మ. ఆమెకి చదువు రాదు.

మొహియుద్దీన్ గారు రిజిస్టరు నా వైపు జరిపారు. నేనే చెప్పాను. “నువ్వు గాజువాకలో ఉంటున్నావని ఉందమ్మా.”

“నానా? సంతకి తప్ప గాజాక ఎల్నేదు. ఎవులు రాసారండి అలగ?”

“నేనే రాశాను.”

“ఎందుకు రాసారు మేస్టారూ?”

కోపంగా అడగలేదు. తెలియక అడిగింది. తిట్టినా బాగుండేది, తిట్టుకి జవాబు చెప్పడం నాకు చేతనవును.

మొహియుద్దీన్ గారు నన్ను వరండాలోకి తీసుకెళ్లి గొంతు తగ్గించారు. “రిజిస్టరు తప్పని మీరు రాసిస్తే నాను పంపగలను. కానీ ఆ కాయితం తిన్నగా మీ ఇన్‌స్పెక్టరు దగ్గరికి ఎళ్తాది. మెమో వస్తాది. మెమో ఉన్న మేష్టరికి కోరుకున్న చోటికి బదిలీ ఇవ్వరు మాస్టారూ. రాయకపోతే, నాను ఈ రిజిస్టరు చూణ్ణేదు. ఆ నంబరు తుడిపించేసి ఎళ్లిపోతాను. మీ ఇష్టం.”

నా బదిలీ సంగతి ఆయనకి తెలుసు. బస్సులో కలిసిన ప్రతిసారీ చెప్పి ఆయన ప్రాణం తీసేవాణ్ణి.

లోపలికి చూశాను. తాయారు బల్ల చివరి అగ్గిపెట్టె దగ్గర గొంతుక్కూర్చుంది. ఎవరైనా తీసేస్తారేమోనని దాని మీద అరచెయ్యి కప్పుకుంది. వన్ టౌన్ బడి కిటికీ, పొద్దున్న ఎనిమిదిన్నరకి తాపీగా కాఫీ తాగడం, చెప్పులరగని నడక, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వాటిని వదులుకోవాలంటే ఏడుపొచ్చింది. ఉదారంగా ఏమీ చెయ్యలేదు నేను. ఆ పిల్ల చెయ్యి అక్కడ ఉండగా ఇంకో రకంగా చెయ్యలేకపోయాను, అంతే.

తెల్ల కాగితం తీసుకుని రాశాను. ‘నివాసం గడిని నేను ఎవరినీ విచారించకుండా నింపాను. సదరు పదకొండు మందీ మెరకపాలెంలోనే ఉంటున్నారు. గోడ మీద అంకె నా పాఠం వల్ల పిల్ల వేసినది, తల్లికి సంబంధం లేదు.’ కింద సంతకం పెట్టాను. మొహియుద్దీన్ గారు రెండుసార్లు చదివి, మడిచి సంచీలో పెట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ, “నా పొరపాటుకి మీరు జరిమానా కట్టుకుంటన్నారు” అన్నారు.

“ఎవరి పొరపాటు వాళ్లదే లెండి” అన్నాను.

శనివారం నలుగురు పెద్ద పిల్లల చేత బల్ల మోయించి సమావేశానికి పట్టుకెళ్లాను. దారిలో మట్టి బీటలిచ్చింది. అయినా ఇన్‌స్పెక్టరు గారు వంగి చూసి, చాలా బాగుంది శ్రీరామ్మూర్తి గారూ, ఇంతకాలం ఇదంతా ఎక్కడ దాచారు అన్నారు. పదిహేను రోజులకి ఆయన సంతకంతోనే మెమో వచ్చింది. రిజిస్టరు నింపడంలో నిర్లక్ష్యానికి కారణం తెలపాలట. ‘అలసట వల్ల’ అని రాశాను. ఆఫీసు కాగితంలో ఆ మాట చెల్లదని కొట్టేసి ‘పొరపాటు వల్ల’ అని రాశాను. వన్ టౌన్ బడికి ఇంకెవరో వెళ్లారు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు ఎప్పట్లాగే ఐదింటికి లేచి క్యారేజీ కట్టింది.

తరవాత నేను పిల్లల్ని ఒక్కొక్కర్నీ పిలిచి, మీ ఇల్లెక్కడ అని అడిగి, కొత్త పుస్తకంలో నివాసం రాసుకుంటూ పోయాను. ప్రతి ఒక్కరూ బల్ల దగ్గరికి వెళ్లి తమ అగ్గిపెట్టె ముట్టుకుని చూపించారు. రెండేళ్లలో ఉండబోని ఊరికి అంత శ్రద్ధగా చిరునామాలు రాయడం చూస్తే నాకే నవ్వొచ్చింది. చుక్కలు మాత్రం ఎక్కడా పెట్టలేదు.

నెల తిరిగాక మొహియుద్దీన్ గారు రంగు డబ్బా పట్టుకొచ్చారు. తాయారు జాజుతో వేసిన అంకె మీదే ఎర్ర రంగుతో అరవై నాలుగు వేయించారు. ఆయన లిస్టులో చిట్టమ్మ పేరు చేరింది. పిల్లలు పరిగెత్తుకెళ్లి చూసొచ్చారు. గౌరీశ్వరి నా దగ్గరికి వచ్చి, “ఇప్పుడు సరిపోనాదండి” అని రిపోర్టు చేసింది.

సాయంత్రం బడి తలుపులు వేస్తుంటే చిట్టమ్మ వచ్చింది. పొలం నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కాళ్లకి బురద. తాయారు లోపల్నుంచి పరిగెత్తి తల్లి దగ్గరికి వెళ్లింది.

“మేస్టారూ, ఇంక మా ఇల్లు కూడా పడగొడతారు కదండి?”

“పడగొడతారమ్మా. అందరితో పాటే.”

“మరి పడగొట్టడం మానీరు కదా?”

“మానరు.”

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. పిల్ల చెయ్యి పట్టుకుని నవ్వుకుంటూ ఇంటికి వెళ్లింది. నేను తాళం వేసి, గొడుగు తీసుకుని, మూడు మైళ్ల నడకకి బయల్దేరాను.