నీలి మెరుపుల బల్ల

ఇబ్రహీంపట్నంలో కృప, ఎలీషా దంపతులకు చిన్న ఫైబర్ షెడ్డు ఉంది. పడవలు బాగుచేస్తారు, చర్చిలకు విగ్రహాలు పోస్తారు. అలల మీద నిలబడి జారే సర్ఫింగ్ బల్ల మాత్రం వాళ్ల చేతికి రావడం అదే మొదలు. మంగినపూడి తీరంలో సర్ఫింగ్ నేర్పే హర్షవర్ధన్ ఫోము బల్ల తెచ్చి ఇచ్చి, పైన నీలి మెరుపులు కావాలన్నాడు.

ఫోము మీద గాజుగుడ్డ పరిచి రెసిన్ జిగురు పట్టించడం ఎలీషా పని. మెరుపులు కృప చూసుకుంది. మెరుపుల పొడిని రెసిన్‌లో కలిపి పలచగా ఒక పూత వేయాలి. అది గట్టిపడ్డాక పైన ఉత్త రెసిన్ ఇంకో పూత వేయాలి. లేకపోతే ఉప్పుకాగితం రుద్దినప్పుడు మెరుపుల రంగు ఊడి తెల్లబడిపోతుంది.

మధ్యాహ్నానికి సగం బల్ల అయింది. కృప రెండో గిన్నె రెసిన్ కలపడానికి కూర్చుంది. కళ్లజోడు నిండా మెరుపులు అంటుకుని ఏమీ కనబడకపోతే నెత్తిమీదికి తోసుకుంది. రెసిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ ప్లాస్టిక్ సీసా మూతి పూడుకుపోయి చుక్క రాలేదు. గట్టిగా నొక్కింది. మూత ఎగిరిపోయి, హార్డెనర్ సూటిగా కుడికంట్లో పడింది.

నిప్పుకణిక పెట్టి అదిమినట్టయింది.

"ఏవండీ, హార్డెనర్. కంట్లో పడింది."

ఎలీషా బండి తాళం కోసం పరుగెత్తాడు. "ఆస్పత్రికి పోదాం పద. ఎక్కు."

"ముందు నీళ్లు పట్టండి." పని నేర్పిన మేస్త్రీ మాట ఒక్కటే ఆమెకు గుర్తుంది, కడిగాకే డాక్టరని. "దార్లోనే కన్ను పోద్దండీ. పైపు పెట్టండి."

రెప్ప తెరుచుకోలేదు. అతను వేళ్లతో విడదీసి నీళ్లు వదిలాడు.

"ఏమన్నా కనపడతందా?"

"తెల్లగా ఉంది."

అతను పైపు ఇంకా దగ్గరికి జరిపాడు. మంటకన్నా ఆ తెలుపే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

పది నిమిషాలకు పైపు ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ. కరెంటు లేదు, మోటారు తిరగదు. ఎలీషా రోడ్డు మీదికి వచ్చి కేకలు వేశాడు. ఎదురుగా టీ కొట్టు నడిపే రాజ్యలక్ష్మి మంచినీళ్ల క్యాను ఎత్తుకుని వచ్చింది.

"ఆపమాకమ్మా, ఇంకా పొయ్యనీ," అంటూ చెంబుతో తనే పోసింది. క్యాను అయిపోతే ఇంకోటి తెచ్చింది. కృప ప్రార్థన మొదలుపెడుతోంది, మొదటి మాట దగ్గరే ఆగిపోతోంది. టైమెంతని అడుగుతోంది. అరగంట అయ్యాక బండి ఎక్కింది. పడిపోకుండా రాజ్యలక్ష్మి వెనక కూర్చుని పట్టుకుంది.

విజయవాడలో కంటి డాక్టరమ్మ చాలాసేపు చూసింది.

"ఎంతసేపు కడిగారు?"

"అరగంటండీ."

"మంచి పని చేశారు. పైపొర కాలింది, మళ్లీ వస్తుంది. చూపు ఎంత వస్తుందో మాత్రం వారం పోతేగాని చెప్పలేను."

ఆ వారం రోజూ పొద్దున చుక్కల మందు వేయడానికి ఎలీషా కంటికి వేసిన కట్టు విప్పేవాడు. కృప వెంటనే కన్ను తెరిచేది కాదు. తెరవనంతసేపూ చూపు ఉన్నట్టే అనిపించేది. తెరిస్తే పాలు కలిపిన నీళ్లలోంచి చూసినట్టుండేది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమీ లేదని చెప్పలేక, "పర్లేదండీ" అనేది.

ఆరో రోజు ఎడమకన్ను మూసుకుని, కుడికన్ను తెరిచి కాసేపు అతన్నే చూసింది.

"గడ్డం తీయలేదేంటండీ? నెరిసింది కూడా."

ఎలీషా మందుసీసా పట్టుకుని అలాగే నేలమీద కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడని ఆమెకు రెండు కళ్లతోనూ కనిపించింది.

మూడో వారం షెడ్డుకు వెళ్లారు. బల్ల సగం మెరుపులతో అలాగే ఉంది. కృప కొత్త హార్డెనర్ సీసా దాకా చెయ్యి చాపింది. వేళ్లు ముడుచుకుపోయాయి.

"ఇవాళ మీరు కలపండి," అంది. అతను కలిపి గిన్నె ఇచ్చాడు. ఆమె బ్రష్షు తీసుకుంది.