నువ్వు కూడా రా

ద్రాక్షాకు చుట్టలు చిటికెన వేలికన్నా లావుగా ఉన్నాయంటే ఆ ఇంటి కోడలికి వంట రానట్టేనని అత్తగారు సాదెత్ గారి సిద్ధాంతం. ఆవిడ ఆ మాట అన్నప్పుడు నెర్మిన్ కొత్త కోడలు. ఇప్పుడు ఆమె తలలో తెల్ల వెంట్రుకలు, కూతురు ఇజ్మీర్‌లో కాలేజీ చదువు. అయినా ప్రతి ఆదివారం అదే పని. ఆకు అరచేతిలో పరుచుకోవాలి, తొడిమ గిల్లాలి, చెంచాడు బియ్యం ముద్ద పెట్టాలి, రెండంచులూ లోపలికి మడిచి బిగించి చుట్టాలి. చుట్టడానికి పొద్దంతా పడుతుంది. తినేవాళ్లకి ఒక గ్లాసు టీ చల్లారేంత సేపు చాలు.

భర్త తుర్గాయ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఉడికిన మొదటి వాయిలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

"వచ్చే శనివారం నేనూ ఎర్దెమూ బోడ్రుమ్ వెళ్తున్నాం. బీచ్ క్లబ్‌కి. నువ్వు కూడా రా," అన్నాడు.

అని, వేళ్లకంటిన నూనె ఆమె చేతిగుడ్డకే తుడుచుకుని వెళ్లిపోయాడు.

నెర్మిన్ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. నువ్వు కూడా రా. ఈ ఇంట్లో 'నువ్వు కూడా' అనే మాట ఆమెకి కొత్తేమీ కాదు. అమ్మతో ఆస్పత్రికి నువ్వు కూడా వెళ్లు. తమ్ముడు ఎర్దెమ్ అద్దె ఇల్లు మారుతున్నాడు, సామాను సర్దడానికి నువ్వు కూడా వెళ్లు. కానీ సముద్రానికి నువ్వు కూడా రా అనడం ఇదే మొదటిసారి. పోయినేడు అన్నదమ్ములిద్దరూ ఇలాగే బయల్దేరుతుంటే తనే సిగ్గు విడిచి, నేనూ రానా అని అడిగింది. "మగాళ్ల మధ్య నువ్వెందుకు, నీకే విసుగు," అన్నాడు. రాత్రికి గానీ రామన్న మనుషులు చీకటి పడకముందే మొహాలు వేలాడేసుకుని తిరిగొచ్చారు. "సముద్రం ఏం బాలేదు. ఒకటే గాలి, ఇంతెత్తు అలలు. నువ్వు రాకపోవడమే మంచిదైంది," అన్నాడు తుర్గాయ్. పాపం అనుకుని ఆమె వేడివేడిగా పప్పుచారు కాచి పెట్టింది. అదంతా గుర్తొచ్చి, పాపం, ఈ ఏడు తన మీద ధ్యాస కలిగిందేమో అనుకుంది. అనుకున్నందుకు తనమీద తనకే నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి. మనిషి ఇంత కొంచానికే పొంగిపోతుందని పక్కవాళ్లకి తెలిస్తే ఎంత చులకన. ఆ వాయిలో చుట్టలన్నీ బొటనవేలంత లావుగా వచ్చాయి.

ఆ మర్నాటి నుంచి ఆమెకి ఒకచోట కాలు నిలవలేదు. నెర్మిన్ పనిచేసేది తువాళ్ల మిల్లులో, ఆఖరి తనిఖీ బల్ల దగ్గర. అంచు కుట్టు చూసి, పోగు లేచినవి పక్కన పెట్టి, మంచివి పెట్టెకెక్కించాలి. ఆ విభాగానికి పెద్ద ఆమే. అయినా పై నుంచి ఎవరొచ్చినా మేనేజరు అలవాటుగా అనే మాట ఒకటే. "నెర్మిన్ గారు ఉన్నారుగా, టీ చూస్తారు." సముద్రపు ఒడ్డు క్లబ్బులకి వెళ్లే నీలిచారల తువాళ్లు వేసవి ముందు గుట్టలు గుట్టలుగా ఆమె చేతుల మీదుగానే వెళ్తాయి. వాటి మీద ఎవరెవరో పడుకుంటారని తెలుసు గానీ, ఆ ఎవరెవరిలో తను లేదని ఇన్నాళ్లూ ప్రత్యేకంగా బాధపడలేదు. ఇప్పుడు ఒక్కో తువాలు మడతపెడుతుంటే అది తనదేమో అనిపిస్తోంది.

పక్క బల్ల దగ్గరి హవ్వాకి చెప్పకుండా ఉండలేకపోయింది.

"మీ ఆయన సముద్రానికి రమ్మన్నాడా?" అంది హవ్వా, చేతిలో కత్తెర ఆపి. "నుదురు ముట్టుకుని చూశావా, జ్వరమేమన్నా ఉందేమో."

"పోనీలే, ఇప్పటికైనా పిలిచాడు."

"పిలిస్తే వెళ్లు. కానీ పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, ఆ చుట్టల గిన్నె మాత్రం మోసుకెళ్లకు."

సాయంత్రం ఇంటికొస్తూ నెర్మిన్ బజారులో దిగి ఈత దుస్తులు కొనుక్కుంది. ముదురాకుపచ్చ రంగు. దుకాణంలో పిల్ల, "మీకు బాగుంటుంది అక్కా," అంటే నమ్మలేదు. ఇంట్లో స్నానాలగది తలుపు వేసుకుని, తొడుక్కుని, మసకబారిన అద్దం తుడిచి చూసుకుంది. బాగానే ఉంది. పొట్ట ఉంది, ఉంటే ఉండనీ. భుజాలు మాత్రం ఇంకా గట్టిగా, గుండ్రంగా ఉన్నాయి. ఈ భుజాలు తనవని చూసుకుని ఎన్నాళ్లయిందో. ఇంతలో బయటినుంచి తలుపు మోగింది.

"వదినా, నా తెల్ల చొక్కా ఎక్కడ? ఇస్త్రీ అయిందా?"

ఎర్దెమ్. విడాకులైనప్పటినుంచీ అతను పడుకోవడానికే తన అద్దె గదికి వెళ్తాడు. తిండి, బట్టలు, జ్వరాలు, దిగుళ్లు అన్నీ ఇక్కడే. పెళ్లాం వదిలేసి వెళ్తే మరిదిని ఎవరు చూసుకుంటారు అని ఎవరూ అడగలేదు. అడగక్కర్లేకుండానే ఆ పని వచ్చి ఆమె ఒళ్లో కూర్చుంది.

బుధవారం పొద్దున తుర్గాయ్ క్లబ్బు ఫోను నంబరు రాసిన కాగితం టీ గ్లాసు కింద పెట్టాడు.

"క్లబ్బుకి నువ్వే ఫోన్ చెయ్యి. ఆడగొంతైతే మర్యాదగా మాట్లాడతారు. నీ పేరు మీదే రాయించు. రెండు పడక కుర్చీలు చాలు."

"ముగ్గురం కదా?"

"నువ్వెక్కడ ఒకచోట కుదురుగా కూర్చుంటావు, నెర్మిన్? లోపలికెళ్లాక నీకు తోచదు. బజారంతా తిరిగి చూసుకో. బయల్దేరేటప్పుడు మేం ఫోన్ చేస్తాం."

అతను వెళ్లాక కూడా ఆ మాట వంటింట్లోనే తిరిగింది. ఒకచోట కుదురుగా కూర్చోదట. కూర్చుందామని నడుం వాల్చిన ప్రతిసారీ నీళ్లిమ్మని ఒకరు, ఉప్పు తెమ్మని ఒకరు, తలుపెవరో కొడుతున్నారు చూడమని ఒకరు. ఇన్నేళ్లూ లేపింది వాళ్లు. కుదురు లేనిది మాత్రం తనకి. ఆమె మిల్లుకి వెళ్లే బస్సు వదిలేసుకుని, వంటింట్లో నిలబడే ఫోన్ చేసింది.

అవతల ఒక అమ్మాయి తీయగా పలికింది. ఎంతమంది, మగవాళ్లెంతమంది, ఆడవాళ్లెంతమంది అని అడిగింది.

"ఇద్దరు మగవాళ్లు. నేను."

"అయితే ఇబ్బంది లేదు మేడమ్. ఆడవాళ్లు తోడు లేకుండా మగవాళ్లు వస్తే మేం గేటు దాటనివ్వం, అందుకే అడగాల్సి వచ్చింది."

నెర్మిన్ నంబరు కాగితాన్ని సగానికి మడిచింది.

"పోయిన వేసవిలో కూడా ఇదే పద్ధతా?"

"ఎప్పుడూ ఇదే మేడమ్."

"ఆడమనిషి ఒక్కతే వస్తే?"

"నిరభ్యంతరంగా రావచ్చు. మీకెన్ని కుర్చీలు రాయమంటారు?"

మళ్లీ చేస్తానని పెట్టేసింది. పెట్టేసి, గిన్నెలు తోమబోయింది. తోమినవే మళ్లీ తోముతున్నానని తెలిసి ఆపేసింది. బాల్కనీలోకి వెళ్లింది, వచ్చింది. ఇంతెత్తు అలలట. ఒకటే గాలట. గేటు దగ్గరే తిప్పి పంపించారన్న మాట. తను కాచిన పప్పుచారు ఊదుకుంటూ తాగి, పెళ్లాం మొహంలోకి చూస్తూ సముద్రం మీద నింద వేశాడన్న మాట. అబద్ధం పెద్దదేం కాదు, అంతకన్నా పెద్దవి ఈ ఇంట్లో చాలా ఇమిడాయి. కానీ ఈ 'నువ్వు కూడా రా' ఉందే, దాన్ని ఆమె గుండెల్లో ఆదివారం నుంచీ దీపంలా పెట్టుకుంది. అది తనకోసం అన్నది కాదని, గేటు కోసం అన్నదని తెలిసేసరికి సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. మోసపోయినందుకు కాదు, సంబరపడినందుకు. అయినా ఒక మూల చిన్న ఆశ ఇంకా కొట్టుకుంటూనే ఉంది, తన ఊహ తప్పేమోనని. దాన్ని కూడా తేల్చుకుందామని కింద వాటాలో ఉన్న అత్తగారి దగ్గరికి దిగింది.

సాదెత్ గారు బీన్సు ఈనెలు తీస్తున్నారు. నెర్మిన్ కూడా పక్కన కూర్చుని గుప్పెడు తీసుకుంది.

"అత్తయ్యా, పోయినేడు వీళ్లు బోడ్రుమ్ నుంచి తొందరగా వచ్చేశారు కదా, ఎందుకు?"

"ఇంకెందుకు, ఆడది పక్కన లేదని గుమ్మంలోంచే గెంటేశారు పాపం. పిల్లలిద్దరూ ఎంత చిన్నబోయారో. నేనే చెప్పాను ఈసారి నిన్ను తీసుకెళ్లమని." ఆవిడ తలెత్తకుండానే అన్నారు. "నీకూ బాగుంటుందిలే. కారులో తిరిగినట్టుంటుంది. వెళ్లేటప్పుడు చుట్టలు ఎక్కువ పెట్టు, అక్కడి తిండి వాళ్లకి పడదు."

అన్నదమ్ములకి నలభై దాటింది, ఇంకా పిల్లలు. అందరికీ తెలుసు. ఎర్దెమ్‌కి తెలుసు, అత్తగారికి తెలుసు. పప్పుచారు కాచినదానికే తెలియదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అనలేదు పెద్దలు. తీరా దాటాక మల్లయ్యని బజారు చూసుకొమ్మన్నారు. నెర్మిన్ చేతిలో బీన్సు అయ్యేదాకా ఈనె తీసింది. అవి అలా వదిలేసి లేచి వెళ్లడం ఆమెకి చేతకాదు. తర్వాత పైకి వచ్చి, క్లబ్బుకి మళ్లీ ఫోన్ చేసి, తన పేరు చెప్పి, తనకి ఎన్ని కుర్చీలు కావాలో చెప్పింది.

"రాయించావా?" అని రాత్రి భోజనాల దగ్గర అడిగాడు తుర్గాయ్.

"రాయించాను."

అంతకన్నా అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రెండు రోజులూ ఆమెకి నిద్ర పట్టలేదు. మానేస్తే ఏం గొడవ, కాలు నొప్పి అంటే చాలు అనుకునేది. ఇరవై ఏళ్లూ అలాగే కదా, ఏదో ఒక నొప్పి అడ్డం పెట్టుకుని బతికింది అనుకునేది. శుక్రవారం సాయంత్రం పెద్ద డబ్బా నిండా చుట్టలు చుట్టింది, అన్నీ చిటికెన వేలంత సన్నగా. అన్నదమ్ముల చొక్కాలు ఇస్త్రీ చేసింది. అలవాటున్న చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆకుపచ్చ దుస్తులు మాత్రం చివరికి, తన చేతిసంచిలో, అందరి సామాను కన్నా పైన పెట్టుకుంది.

తమ ఊరు దెనిజ్లీ నుంచి బోడ్రుమ్ దాకా దారి పొడవునా ముందు సీట్లలో అన్నదమ్ములిద్దరూ పాటలు పెట్టుకుని ఊగుతూనే ఉన్నారు. వెనక సీట్లో డబ్బా ఒళ్లో పెట్టుకుని నెర్మిన్ కిటికీలోంచి చూస్తోంది. "వదిన ఇవాళ పలకడం లేదే," అన్నాడు ఎర్దెమ్. "దానికి కారు పడదులే," అన్నాడు తుర్గాయ్.

క్లబ్బు ముందు అప్పటికే జనం. నల్లచొక్కాల కుర్రాళ్లిద్దరు గేటు దగ్గర నిలబడి పేర్లు చూసుకుంటున్నారు. లోపలినుంచి డప్పు మోతలాంటి పాట వస్తోంది. వరస దగ్గరికి రాగానే తుర్గాయ్ తన చెయ్యి తీసి నెర్మిన్ భుజం మీద వేశాడు. ఎన్నేళ్లయిందో ఆ చెయ్యి అక్కడ పడి. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం తన ఒంటికి బాగుందని తెలియగానే ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ కోపం వచ్చింది. సంచి పట్టీ దింపుకున్నట్టు ఆ చెయ్యి మెల్లగా దింపి, చుట్టల డబ్బా అందులో పెట్టింది.

"ఇది పట్టుకో. లోపలికి బయటి తిండి రానివ్వరట."

గేటు దగ్గరి కుర్రాడు పేరడిగాడు. చెప్పింది. వెనక ఉన్నవాళ్లని చూపించి, "వాళ్లూ మీతోనేనా మేడమ్?" అన్నాడు.

నెర్మిన్ వెనక్కి తిరిగి చూసింది. కొత్త నల్లద్దాలు, తను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తను చుట్టిన చుట్టలు.

"లేదు. నేను ఒక్కదాన్నే. నా పేరు మీద ఒక పడక కుర్చీ ఉంది."

"నెర్మిన్, ఇదేం పరాచికం?" తుర్గాయ్ నవ్వబోయాడు, నవ్వు కుదరలేదు.

"వదినా, నేనేం చేశాను వదినా?"

"ఏమీ చెయ్యలేదు ఎర్దెమ్. నువ్వెప్పుడూ ఏమీ చెయ్యలేదు."

కుర్రాడు ఆమె మణికట్టుకి కాగితపు పట్టీ చుట్టి పక్కకి తప్పుకున్నాడు. నెర్మిన్ లోపలికి నడిచింది. బట్టలు మార్చుకుని వచ్చేసరికి ఆమె కుర్చీ మీద నీలిచారల తువాలు పరిచి ఉంది. అలవాటుకొద్దీ అంచు తిరగేసి కుట్టు చూసింది. బాగానే ఉంది. అప్పుడు పడుకుంది. ఎవరైనా పిలుస్తారేమో అని ఒళ్లు కాసేపు బిగుసుకునే ఉంది. నీళ్లు తెమ్మని ఎవరూ అనలేదు. ఒక అమ్మాయి వచ్చి, మీకేం తెమ్మంటారు అని తననే అడిగింది.

సంచిలో ఫోన్ మోగి ఆగింది, మళ్లీ మోగింది. చాలాసేపటికి ఎత్తింది.

"ఎండలో నిలబెట్టావు కదే మమ్మల్ని. వచ్చి వాడికి చెప్పు, వీళ్లు నావాళ్లని. ఇంటికెలా వస్తావసలు?"

"బస్సులుంటాయి. ఆ డబ్బాలో చుట్టలున్నాయి, తినండి."

"లోపల ఒక్కదానివీ ఏం చేస్తున్నావు నువ్వు?"

నెర్మిన్ కాళ్లు బారజాపుకుని ఎదురుగా చూసింది. గాలి లేదు. అలలు ఒడ్డు తడిపి నెమ్మదిగా వెనక్కి పోతున్నాయి.

"సముద్రం చాలా బాగుంది తుర్గాయ్," అంది. "పోయినేడు కూడా బాగానే ఉండి ఉంటుంది."