గ్రీసు నుంచి ఫ్రాన్సు దాకా

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఆరుగురం ఉన్నాం. నాన్న, అమ్మ, చెల్లెలు రేణు, నేను, పక్క ఊరు అరోరా నుంచి భోజనానికి వచ్చిన శ్యామ్‌సుందర్ అంకుల్, శశికళ ఆంటీ. 1981 నవంబరు. డైరీలో ఆ రోజు ఈ పేర్లు మాత్రం రాసి ఆపేశాను. మిగతాది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

నాన్న డాక్టరు. నాకు రెండేళ్లప్పుడు నన్ను గుడివాడ పక్క పల్లెలో అమ్మమ్మ దగ్గర ఉంచి వాళ్లిద్దరూ అమెరికా వచ్చారు. రేణు ఇక్కడే పుట్టింది. పదో తరగతి ప్యాసయ్యాక నన్ను షికాగో దగ్గర ఈ నేపర్‌విల్‌కి తీసుకొచ్చారు. వచ్చి ఏడాదిన్నర అయినా, స్కూల్‌బస్సులో రేణు వెనక సీట్లో స్నేహితులతో కూర్చునేది, నేను డ్రైవరు వెనకాల కూర్చునేదాన్ని. తనతో ఏదైనా చెప్పాలంటే ముందు మనసులో ఇంగ్లీషు వాక్యం కూర్చుకునేదాన్ని. అది పూర్తయ్యేసరికి తను వెళ్లిపోయేది.

ఆ ఏడు ఇద్దరం ఒకే ఆర్ట్ హిస్టరీ క్లాసులో పడ్డాం. ఇంటిపేరు ఒకటే కావడం చూసి టీచరు మమ్మల్ని జత చేశారు. పొడవాటి కాగితపు చుట్ట మీద గ్రీకుల శిల్పాలతో మొదలుపెట్టి, ఫ్రాన్సులో ఎండనీ నీళ్లనీ చుక్కలు చుక్కలుగా వేసినవాళ్ల దాకా బొమ్మలు వరసగా వేయాలి. ఒక్కో కాలానికి ఒక్కో పేజీ రాయాలి. బొమ్మలు రేణు వేస్తానంది. రాత నాకిచ్చింది.

మూడు వారాలు తన గదిలో నేల మీద కూర్చున్నాం. తను బోర్లా పడుకుని పెన్సిల్‌తో దిద్దుతుంటే కాగితం చుట్టుకుపోకుండా నేను పట్టుకునేదాన్ని. బట్టల్లేని గ్రీకు శిల్పం దగ్గర నేను తల తిప్పుకుంటే రేణు నవ్వింది. "జస్ట్ స్టోన్ హైమా. ఇట్ వోంట్ బైట్" అంది. ఆ మూడు వారాలూ నేను డైరీ రాయలేదు. రాయాలని గుర్తే రాలేదు.

రాత పని మాత్రం మా ఊరి బడిలో నేర్చుకున్న పద్ధతిలోనే చేశాను. అక్కడ పాఠం అప్పజెప్పాలి. మధ్యలో సొంత మాట ఒకటి దొర్లితే మాస్టారు మళ్లీ మొదటి నుంచి చెప్పించేవారు. పుస్తకం రాసినాయన కంటే నీకెక్కువ తెలుసా అనేవారు. నేను లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెచ్చి, ఎనిమిది పేజీలు కంఠతా పట్టి, పుస్తకం మూసేసి రాశాను. ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. రేణు చదవకుండానే కింద సంతకం చేసింది.

శుక్రవారం టీచరు ఉత్తరం ఇచ్చి పంపారు. బొమ్మలు చాలా బాగున్నాయట. రాసినదంతా పుస్తకం నుంచి కాపీ చేసిందట. ఇద్దరూ ఆ తప్పు ఒప్పుకుని, సొంత మాటల్లో తిరిగి రాసి సోమవారానికి తెస్తే మార్కులిస్తారట. లేకపోతే సున్నా. షికాగోలో శనివారాల డ్రాయింగ్ క్లాసుకి రేణు పెట్టుకున్న అప్లికేషన్ మీద సంతకం కూడా చేయరట. ఆ క్లాసులో చేరాలని రేణు రెండేళ్లుగా ఎదురుచూస్తోంది.

ఉత్తరం మీద నాన్న సంతకం కావాలి. ఇంటికెవరైనా వచ్చినప్పుడు నాన్న దేన్నీ పట్టించుకోడని రేణు నమ్మకం. ఆ ఆదివారం భోజనాలయ్యాక, నవ్వులాటల మధ్య, పెన్నుతో సహా తెచ్చి ఇచ్చింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం పైకి చదివాడు.

"పుస్తకం చూసి రాశావా హైమా?"

"లేదు నాన్నా. మూసేసి రాశాను."

"మరింకేం. ఏదీ, ఒక పేజీ చెప్పు" అన్నాడు.

పరాయివాళ్ల ముందు చెప్పడానికి సిగ్గేసి అమ్మ వంక చూశాను. అమ్మ, చెప్పవే అన్నట్టు తలాడించింది. కార్పెట్ వంక చూస్తూ మొదలుపెట్టాను. బంగారు రేకుల మీద దేవుళ్లని వేసిన కాలం గురించి ఆ పేజీ. ఎక్కడా తడబడకుండా చివరి దాకా చెప్పేశాను.

"అనాటమీ మనం ఇలాగే కదయ్యా బట్టీ పట్టింది" అన్నారు అంకుల్ నాన్నతో. "నువ్వు నా గుండె చూస్తున్నప్పుడు ఒక మాట మర్చిపోతే నా గతేం కాను?"

మా అబ్బాయి రాజ్‌కి ఇంటి ఫోన్ నంబరే గుర్తుండదని ఆంటీ వాపోయింది. నాన్న నా తల మీద చెయ్యి వేశాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అందరూ నా వైపు సంతోషంగా చూడటం అదే మొదటిసారి.

"డాడీ, అదే ప్రాబ్లమ్" అంది రేణు. "వర్డ్ ఫర్ వర్డ్ చెప్పింది కదా. దాన్నే కాపీ అంటారు."

"దాన్ని జ్ఞాపకశక్తి అంటారమ్మా."

రేణు నా దగ్గరికి వచ్చింది. నాతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడే పిల్ల, తెలుగు మాటలు వెతుక్కుంటూ, చిన్నగా అంది. "హైమా, తప్పు అయింది అని చెప్పు. ఒక్కసారి. ప్లీజ్."

తనకేం కావాలో నాకు తెలుసు. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నాన్న చెయ్యి ఇంకా నా తల మీదే ఉంది. మా బడిలో కాపీ అంటే పక్కవాళ్ల పలకలోకి తొంగిచూడటం. అలాంటి పని నేను జన్మలో చేయలేదు.

"నేను కాపీ కొట్టలేదు" అన్నాను.

నాన్న ఆ ఉత్తరం వెనకే నాలుగు లైన్లు రాశాడు. మా అమ్మాయి కాపీ చేయదు, సోమవారం నేనే స్కూలుకి వస్తాను, ఎనిమిది పేజీలూ మీ ఎదుటే అప్పజెబుతుంది అని. సంతకం పెట్టి తన బ్యాగులో పెట్టుకున్నాడు. రేణు మేడ మీదికి వెళ్లిపోయింది. ఆంటీ నన్ను ఇంకో పేజీ చెప్పమంది. చెప్పాను.

వాళ్లు వెళ్లాక నేనూ పైకి వెళ్లాను. రేణు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపల నేల మీద ఆ కాగితపు చుట్ట సగం విప్పి ఉంది.

నాన్నతో మాట్లాడతానన్నాను. టీచరుకి ఒప్పుకుంటానన్నాను. రాత్రికల్లా అంతా నా మాటల్లో తిరిగి రాసేస్తానన్నాను.

"నీ మాటల్లో ఏం రాస్తావ్?" అంది.

సగం తెలుగులో సగం ఇంగ్లీషులో చెప్పాను. బంగారు బొమ్మల్లో ఎవరూ ఎవర్నీ చూడరు. తల్లి బిడ్డని ఎత్తుకుని ఉంటుంది కానీ చూపు మన మీదే ఉంటుంది. కొన్ని వందల ఏళ్లకి ఇటలీలో ఆ తల్లి తల వంచి బిడ్డని చూస్తుంది. బిడ్డ ఆమె గడ్డం పట్టుకుంటాడు. ఆ తర్వాత బొమ్మల్లోకి గదులొచ్చాయి, కిటికీలొచ్చాయి, మనకి వీపు పెట్టి తమ పని చేసుకునేవాళ్లొచ్చారు. ఫ్రాన్సు దాకా వచ్చేసరికి అందరూ ఏటి ఒడ్డున కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు, మనం వెళ్లి నిలబడ్డా తల తిప్పరు. మనుషుల్ని ఉన్నదున్నట్టు వేయడం నేర్చుకున్నారని పుస్తకంలో ఉంది. నాకు మాత్రం ఆ బొమ్మల్లోవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకోవడం నేర్చుకున్నారనిపించింది.

రేణు కదలకుండా వింది. నేను అంతసేపు మాట్లాడటం తనెప్పుడూ చూడలేదు.

"ఇది ఎందుకు రాయలేదు?" అంది.

"ఇది పుస్తకంలో లేదుగా" అన్నాను.

కాసేపు నన్నే చూసింది. తర్వాత తలుపు మూసేసింది.