గంగరాజు పథ్యం

రంగూను నుంచి వచ్చిన ఓడలోంచి దాన్ని నడిపే తండేలు గంగరాజును ఇద్దరు పట్టుకుని దింపారు. నెలల తరబడి అన్నమూ ఎండుచేపలూ తప్ప ఎరగని మనిషి. పళ్ళు కదులుతున్నాయి, కాళ్ళ మీద నల్లటి మచ్చలు, ఉబ్బిన చిగుళ్ళలోంచి నెత్తురు. ఉమ్మితే ఎర్రగా పడేది. ఉప్పలగుప్తం దగ్గర ఆ పల్లెలో ఇలా తిరిగొచ్చి బతకనివాళ్ళూ ఉన్నారు.

భార్య వరహాలమ్మ పథ్యం మొదలుపెట్టింది. నెత్తురు పోయే మనిషికి పులుపు తగలకూడదని అత్తగారు చెప్పేది. అత్తగారు పోయి చాలా కాలమైంది, మాట మాత్రం ఇంట్లోనే ఉంది. వరహాలమ్మ పట్టు పట్టిందంటే ఇక అంతే. ఊరగాయ జాడీ పొరుగింటికి చేరింది. చింతపండు, మజ్జిగ, నిమ్మకాయ గడప తొక్కలేదు. మెత్తటి అన్నం, నెయ్యి, మిరియాల పొడి. పథ్యం చేయించడంలో ఆవిడ తరవాతే ఎవరైనా అని పల్లెలో అనుకుంటుంటే ఆమెకు బాగానే ఉండేది. ఎందుకుండదూ?

"కాస్త పుల్లగా ఏదన్నా పెట్టవే, నోరు చచ్చిపోయింది" అని గంగరాజు బతిమాలేవాడు.

"చావాలనుందా ఏం?" అనేది.

తొలకరి పడి చేలగట్ల మీద వాక్కాయ విరగకాసింది. పశువులు దూరకుండా పెంచే ముళ్ళకంచె అది. కాయను పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు, రొయ్యల్లో వేస్తే ఇంకో ముద్ద దిగుతుంది. పచ్చిది మాత్రం మేకలు కాసేవాళ్ళే నములుతారు.

ఒకరోజు పొద్దున్నే రైతు బాపిరాజుగారు గంగరాజును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. చేతుల నిండా ముళ్ళ గీతలు, పెదాలకు కాయపాల జిగురు.

"కొన్నాళ్ళబట్టీ మా కంచె దగ్గర కూర్చుని వాక్కాయలు తింటున్నాడమ్మా. కాయలదేముంది, ఆ ముళ్ళల్లో పడిపోతాడేమోనని తీసుకొచ్చేను."

వీధంతా చూస్తోంది. వరహాలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషం మొగుడి మీదకు మళ్ళింది.

"నేను పెట్టేది చాలక పరాయి కంచెల మీద పడ్డావా? ఓడ నడిపేవోడివి, సిగ్గులేదూ? నా పథ్యమంతా బూడిదలో పోసేవు కదయ్యా."

గంగరాజు తలెత్తలేదు. పక్కకు తిరిగి ఉమ్మాడు.

ఉమ్మి తెల్లగా ఉంది. అందులో నెత్తుటి చార కూడా లేదు.

వాక్కాయ వాసన పట్టేస్తుందని ఈ కొన్నాళ్ళుగా ఆమె ముందు నోరు విప్పని మనిషి. దగ్గరకెళ్ళి గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. చిగుళ్ళ వాపు తగ్గిపోయి ఉంది.

"ఇంట్లో పులుపేమీ పెట్టలేదామ్మా?" అని బాపిరాజుగారు మెల్లిగా అడిగారు.

ఆమె వద్దన్న పులుపే నెత్తురు ఆపింది. తనేమో ఇంట్లో నోరు ఎండగట్టి, వీధిలో దొంగను చేసి తిట్టింది. ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. బాపిరాజుగారు కంచె నుంచి కాయలు పంపితే కళ్ళెత్తకుండా కొంగులో పోయించుకుంది.

మధ్యాహ్నం వాక్కాయ పప్పు వండి ఆకులో వడ్డించింది. గంగరాజు ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. ముందు వీధి తలుపు వైపు, తరవాత ఆమె వైపు చూశాడు.

"తినొచ్చా?" అన్నాడు.

వరహాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.