తాడు పట్టిన చేతులు

చెయ్యవలసిన పనులు ఇవి.

రామయ్యపట్నంలో మిగిలిన నలభై ఇళ్ల సర్వే పూర్తి చెయ్యాలి.
ఊళ్లో ఎవరి మాట ఎవరు వింటారో పటం గీయాలి.
పది గంటలకు పంచాయతీ హాల్లో ఆడవాళ్ల సమావేశం పెట్టాలి.
సంతకం వచ్చిన ముగ్గురితో కమిటీ వెయ్యాలి.
కూర్మమ్మతో మాట్లాడాలి.

ఈ చివరి పనిని శాంతి రెండుసార్లు రాసి, రెండుసార్లూ కొట్టేసింది.

ఒడిశా తీరంలోని ఆ తెలుగు జాలరి ఊళ్లో ఆమె బస్సు దిగి ఒడ్డుకు వచ్చేసరికి కాంట్రాక్టరు బాబూరావు మనుషులు చేపలు ఎండబెట్టే ఇసుకలో సిమెంటు స్తంభాలు పాతుతున్నారు. రొయ్యపిల్లల కంపెనీకి కంచె అట. ఆరబోసిన నెత్తళ్ల మీదనుంచి ట్రాక్టరు వెళ్లింది. అవి మొగుణ్ణి సముద్రంలో పోగొట్టుకున్న కమలాకుమారివి. ఆమె వంగి, నలగనివాటిని కొంగులోకి ఏరుకుంటోంది.

శాంతి పుస్తకం తీసి 'సంఘటన వివరం' అని రాసుకుంటోంది. ఇళ్లలోంచి ఆడవాళ్లు పరుగున వచ్చారు. వచ్చి, శాంతిని దాటుకుని ఊళ్లో పెద్దావిడ కూర్మమ్మ చుట్టూ చేరారు.

అది చూస్తే శాంతికి కడుపులో మంట పుట్టింది. అది ఆ రోజు పుట్టిన మంట కాదు.

కూలిపని చేసే అసిరయ్య కూతురు శాంతి. ఆ ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి. బరంపురంలో సోషల్ వర్క్ చదివి ఫస్టున పాసయింది. "జనాన్ని మనం పైకి లేపడం కాదు. వాళ్లకున్న బలాన్ని గుర్తించడం, వాళ్లు నిలబడ్డ చోటు నుంచే పని మొదలుపెట్టడం, అదే సిద్ధాంతం" అని మోహనకృష్ణ మాస్టారు చెప్పేవారు. పరీక్షలో దాని మీద అడిగిన ప్రశ్నకు శాంతికి ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. మూడు నెలలుగా ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఈ ఊళ్లో ఆమె పెట్టిన సమావేశాలకు ఏడుగురు వచ్చేవారు, అందులో ఇద్దరు నిద్రపోయేవారు. వేలిముద్ర వేసే కూర్మమ్మ ఎక్కడ చతికిలబడితే అక్కడ యాభైమంది.

"ఏటి గుంటా, రాసుకున్నావా?" అంది కూర్మమ్మ, చిన్నపిల్లని పిలిచినట్టు. "ఎన్ని నెత్తళ్లు సితికిపోనాయో మాకన్నా నీకే బాగా తెలుస్తాది."

ఆడవాళ్లు నవ్వారు. శాంతి పళ్లు బిగించి, "పదింటికి సమావేశం పెద్దమ్మా. హాలుకి రండి" అంది.

"పదింటికి వల ఒడ్డుకొస్తాది. హాలు మా కాడికి రాదు గదా. నువ్వే ఇటొచ్చి తాడట్టు. అట్టినోళ్లకే ఇక్కడ మాట."

అది ఆ ఊరి కట్టుబాటు. పెద్ద వలను ఒడ్డునుంచి రెండు తాళ్లతో లాగుతారు. తాడు పట్టిన ప్రతి చేతికీ, అది దారినపోయే మనిషి చెయ్యి అయినా, చేపల్లో వాటా ఉంటుంది. ఊరి సంగతులన్నీ తాడు చేతిలో ఉండగానే తేలతాయి. ఒకరి బదులు ఇంకొకరు ఒప్పుకోవడం అనేది అక్కడ లేదు. శాంతి ఇదంతా 'ఆచారాలు' అనే గడిలో రాసుకుంది. తాడు మాత్రం పట్టలేదు. కొత్త చెప్పులు పాడవుతాయనుకుంది. అసలు కారణం వేరు. పట్టుకుంటే కూర్మమ్మ వెనక నిలబడాలి.

అనుకున్నట్టే కమిటీలో సంతకం వచ్చిన ఉమాదేవినీ, ఇంకో ఇద్దరినీ వేసింది. కంచె సంగతి మాట్లాడదామని గురువారం ఆ ముగ్గుర్నీ తహసీల్దారు ఆఫీసుకు తీసుకెళ్లింది. అక్కడి అధికారి కుర్చీ వేయించి, "ఆ కూర్మమ్మయితే గుంపును తోలుకొచ్చేది. మీలాంటి చదువుకున్నవాళ్లుంటే పని సుళువు" అన్నాడు.

మూడు నెలల్లో శాంతి విన్న మొదటి మెచ్చుకోలు అది. ఒడియా కాగితాలు రెండు ముందుకు జరిపారు. మొదటి పేజీలో హాజరు వివరం ఉంది. రెండో పేజీ తిప్పకుండానే, "సంతకం పెట్టండి" అంది ఉమాదేవితో.

మర్నాడు పొద్దున్నే స్తంభాలకు ముళ్లతీగ చుట్టారు. బాబూరావు కాగితం గాల్లో ఆడిస్తూ, "మీ ఆడోళ్లే ఒప్పుకున్నారు, ఇంక గొడవేటి?" అన్నాడు.

ఉమాదేవి ముఖం పాలిపోయింది. "శాంతి మేడం సంతకం ఎట్టమంటే ఎట్టీసినాం" అంది.

అందరూ శాంతి వైపు తిరిగారు. ఇన్నాళ్లూ ఆమె కోరుకున్నది ఇదే, ఊరంతా తనవైపు చూడాలని.

"సదువు," అంది కూర్మమ్మ. "అందరికీ ఇనబడీలాగ సదువు."

శాంతి బాబూరావు చేతిలోంచి కాగితం అందుకుని ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పింది. ఈ ఇసుకతో మాకు పని లేదు. కంచెకు మా అభ్యంతరం లేదు. ఇది ఊరి ఆడవాళ్లందరి మాట.

"రెండో పేజీ నేను చూడలేదు," అంది తర్వాత. "నిన్ను రానివ్వకూడదనే సంతకం వచ్చినవాళ్లతో కమిటీ వేశాను పెద్దమ్మా. జనం నీ దగ్గరికొస్తున్నారని నాకు ఏడుపు."

"అది మాకెరికే. నీ మొకం సూసినోళ్లకెవులికైనా తెలుస్తాది." కూర్మమ్మ నవ్వలేదు. "నువ్వు ఏడిసింది నా మీద. పోనాది అందరి ఇసక."

ముసలి పైడన్న కోర్టుకెళ్దామన్నాడు. "కోర్టు తేల్సీసరికి మన మనవలు ముసిలోళ్లైపోతారు మావా" అంది కమలాకుమారి. ఉమాదేవి తన సంతకం చెరిపెయ్యమంది. అరుపుల మధ్య శాంతి మళ్లీ నోరు విప్పింది.

"ముగ్గుర్నయితే గదిలోకి పిలవొచ్చు. కుర్చీ వెయ్యొచ్చు, మెచ్చుకోవచ్చు. నాలుగువందలమందిని ఏ గదిలో కూర్చోబెడతారు? ఆ ఆఫీసువాళ్లకి నాయకులు కావలసింది అందుకే. జనం నిలబడ్డ చోటు నుంచే మొదలుపెట్టాలని నా పుస్తకంలోనే ఉంది, పరీక్షలో రాశాను. చెయ్యలేదు. మీరు తాడు దగ్గర రోజూ చేస్తున్నారు."

"అయితే అదే రాయి," అంది కూర్మమ్మ.

శాంతి ఇసుకలో కూర్చుని ఒడియాలో రాసింది. మా ఊళ్లో ఒకరి బదులు ఒకరు ఒప్పుకోరు, ఆ మూడు సంతకాలు చెల్లవు. ఒక్కొక్కరే వచ్చి వేలిముద్ర వేశారు. సంతకం వచ్చిన ఉమాదేవి కూడా వేలిముద్రే వేసింది.

తర్వాత పెద్ద వల తాడు తెచ్చి మొదటి స్తంభానికి కట్టారు. ఆడా మగా వరసగా పట్టారు. శాంతి చెప్పులు వదిలేసి కమలాకుమారి వెనక తాడు పట్టింది. అరచేతుల తోలు లేచిపోయింది. ఒక్కో స్తంభమూ పన్ను ఊడినట్టు ఊడి వచ్చింది.

పదకొండోది లాగుతుండగా పోలీసులు వచ్చారు.

"మీ లీడరెవరు?" అని ఇన్‌స్పెక్టరు ఒడియాలో అడిగాడు.

"తాడునడగండి బాబూ, దానికే తెలుసు" అన్నాడు పైడన్న. "నాను" అంది కమలాకుమారి. "నాను" అంది ఉమాదేవి. వరస పొడుగునా అదే మాట. చివరికి బాబూరావు వేలు పెట్టి కూర్మమ్మను చూపించాడు.

శాంతి అడ్డం వెళ్లింది. "కాగితం రాసింది నేను. నన్ను తీసుకెళ్లండి."

"చదువుకున్న అమ్మాయివి, పక్కకి తప్పుకో," అన్నాడతను.

కూర్మమ్మ జీపెక్కింది. శాంతికి అప్పుడూ అసూయే కలిగింది. కానీ ఈసారి జనం కోసం కాదు, ఆ జీపులో చోటు కోసం.

"గుంటా," అంది కూర్మమ్మ లోపల్నుంచి. "ఇంకా ఇరవై ఉన్నాయి. సూస్తూ నిలబడతావేటి?"

జీపు మలుపు తిరగకముందే పన్నెండో స్తంభానికి తాడు పడింది. మరో వారానికి అదే కాంట్రాక్టరు పొరుగూరు చమఖండి ఒడ్డున స్తంభాలు దించాడు. అక్కడి ఆడవాళ్లు అప్పటికే వల తాళ్లు తెచ్చి ఇసుకలో పరిచి ఉంచారు.

కూర్మమ్మకు ఇంకా బెయిలు రాలేదు. సోషల్ వర్క్ చదువుతున్న చెల్లెళ్లారా, తమ్ముళ్లారా, రేపు మీరూ ఫైలు పట్టుకుని ఏదో ఒక ఊరికి వెళతారు. జనం మిమ్మల్ని దాటుకుని ఎవరో చదువురాని మనిషి చుట్టూ చేరతారు. మీ కడుపు మండుతుంది. ఆ క్షణంలో కూర్మమ్మను గుర్తుచేసుకోండి.