ఖాళీ గోనె

తడిసిన చేతితొడుగులు రెండూ విదిలించి, టేబుల్ కింద గురగురలాడుతున్న పాత కంప్యూటర్ పెట్టె మీద పరిచింది మార్లీస్ హౌగెన్. పెట్టె వెచ్చగా ఉంది. అంటే రాత్రి ఎవరూ ప్లగ్గు పీకలేదు. అమెరికాలోని డ్యులూత్ ఊరి లైబ్రరీ నేలమాళిగలో ఆమె రోజు ఇలాగే మొదలవుతుంది. ముందు తొడుగులు, తర్వాత పెట్టె, చిట్టచివర మనుషులు.

యాభై ఎనిమిదేళ్ళు ఆమెకి. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు చెవుల కిందికి తనే కత్తిరించుకుంటుంది, అందుకే ఒక పక్క ఎప్పుడూ కాస్త ఎక్కువ ఉంటుంది. ఈ చలికాలం నుంచి మెట్లు దిగినా పెదాలు నీలంగా మారుతున్నాయి. సోమవారం గుండె కవాటం మారుస్తారు. ఇవాళ శుక్రవారం.

శుభ్రం చేయమని పై అంతస్తు నుంచి పంపిన కీబోర్డులు వరసగా పేర్చి ఉన్నాయి. మొదటిది తిరగేసి దులిపింది. చిప్స్ ముక్కలు, గోళ్ళ చెక్కులు, ఎండిన కెచప్ పెచ్చులు రాలాయి. స్పేస్ బార్ కింద ఎవరో నమిలిన చూయింగ్ గమ్ అంటించి పోయారు. ఆమె పాత చొక్కాతో దాన్ని పట్టి లాగింది. తీగలా సాగింది. ఆ చొక్కా మీద 'మీలాంటి వీరులకు మా వందనం' అని ఉంటుంది. నార్త్‌గేల్ అనే కంపెనీ పంపింది. మూడో తరగతి పిల్లకి సరిపోయే సైజు.

వీరత్వానికి కారణం బర్లాప్.

ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి సరుకు పంపేటప్పుడు మూట కట్టి, అవతల విప్పాక ఏదీ పోలేదని సరిచూసి 'అన్నీ క్షేమం' అని చెప్పే చిన్న ప్రోగ్రాం అది. లైబ్రరీ పుస్తకాల వివరాలు పంపుకోవడానికి ఆమె ఎప్పుడో రాసుకుంది. బర్లాప్ అంటే గోనెపట్టా, అందుకే ఆ పేరు. ఎవరైనా ఉచితంగా వాడుకోండి, ఎవరైనా విప్పి చూసుకోండి అని బయట పెట్టింది. ఇప్పుడు ఆసుపత్రుల రక్తపరీక్షలూ, బ్యాంకుల లెక్కలూ, విమానాల టికెట్లూ ఆ గోనెలోనే ప్రయాణం చేస్తున్నాయి. వాటన్నిటికీ తాళంచెవి, అంటే బర్లాప్‌ని మార్చే అధికారం, మాత్రం ఈ నేలమాళిగలో, గమ్ గీకుతున్న ఈ మనిషి దగ్గర ఉంది.

సోమవారం లోపు ఆ తాళంచెవి ఎవరికైనా ఇవ్వాలి. ఎవరికన్నదే తేలడం లేదు.

కాఫీలో పాలపొడి వేసింది. విరిగి పైకి తేలింది. అయినా తాగుతూ తెర మీద ఉత్తరాలు తెరిచింది.

'బర్లాప్‌కి కొత్త సంరక్షకులు కావాలి' అని ఆమె ప్రకటన పెట్టిన దగ్గర్నుంచీ ఇదే వరస. నార్త్‌గేల్ ఉపాధ్యక్షుడు 'మా కుటుంబంలోకి రండి' అన్నాడు. ఆ కుటుంబంలో బర్లాప్ ప్రతి మూట మీదా వాళ్ళ ప్రకటన అతికిస్తుందట. ఒక కుర్రాడు ఉద్యోగానికి పనికొస్తుందని తన పేరు రాయమన్నాడు, పని సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఇక మిగిలినవాళ్ళవి బూతులు.

'ముసలిదానా, ఆ టోబిన్‌కి ఇచ్చేసి పోరాదూ. ఎంతకాలం పట్టుకు వేలాడతావు.'

'టోబిన్ అంత కష్టపడుతుంటే నీకు సిగ్గు లేదా.'

ఇలాంటివి రోజూ. రాసేవాళ్ళ పేర్లు వేరు. టోబిన్ గురించి తప్ప వాళ్ళు ఇంకే విషయం మీదా ఎన్నడూ నోరు తెరవలేదు.

టోబిన్ మాత్రం బంగారం. ఏడాదిగా అడగకుండా సాయం చేస్తున్నాడు. మొహం ఎవరూ చూడలేదు. 'మార్లీస్ గారూ, వాళ్ళ మాటలు పట్టించుకోకండి. మీరు విశ్రాంతి తీసుకోండి. బరువు నేను మోస్తాను' అని రాస్తాడు. చదివిన ప్రతిసారీ జిడ్డు చేత్తో ఎవరో తల నిమిరినట్టుండేది ఆమెకి. అలా అనిపించినందుకు తన మీద తనకే చిరాకు వేసేది. మంచివాణ్ణి చూసి ఒళ్ళు జలదరించడమేమిటి?

అందుకే బుధవారం ఒక పని చేసింది.

బర్లాప్‌లో ఎవరు ఏ మార్పు చేసినా, ఆఖరికి ఆమె చేసినా, ఇంకో మనిషి చదివి ఒప్పుకోవాలి. అది అక్కడి ఆచారం. ఆమె ఒక చిన్న మార్పు రాసి అందరి ముందూ పెట్టింది. పైకి ముచ్చటగా ఉంటుంది. నిదానంగా చదివితే లోపల కుళ్ళు కనబడుతుంది. దాన్ని ఒప్పుకుంటే, లోపల ఏమీ లేని ఖాళీ గోనె వచ్చినా బర్లాప్ 'అన్నీ క్షేమం' అంటుంది.

ఇవాళ రెండు జవాబులు వచ్చి ఉన్నాయి.

టోబిన్: 'అద్భుతం, మార్లీస్ గారూ. ప్రతి వాక్యం చదివాను. ఎప్పటిలాగే మీ చెయ్యి తిరుగులేనిది. ఒప్పుకుంటున్నాను.'

గాస్పర్ తెరియో: 'ఏంటిది? తాగి రాశావా? ఖాళీ గోనెకి క్షేమం అని చెబుతోంది. నేనుండగా ఇది లోపలికి పోదు.'

గాస్పర్‌ది కెనడాలో మాంక్టన్ దగ్గర. బంగాళదుంపల గిడ్డంగిలో తూకం లెక్కలు చూస్తాడు. బర్లాప్ పనిలోకి వచ్చినప్పటినుంచీ ఆమెతో తగువే. తాళంచెవి కావాలని ఒక్కనాడూ అడగలేదు.

వ్యాక్యూమ్ క్లీనర్ ఈడ్చుకుంటూ ఊడ్చే రాండీ వచ్చాడు. ఆమెకంటే పెద్దవాడు. వెంట మైక్రోవేవ్‌లో వేడిచేసిన చేప కంపు వచ్చింది.

"అమ్మాయ్, నీ పెట్టె ప్లగ్గు ఒక్క నిమిషం పీకనా?"

"చెయ్యి విరుగుతుంది."

"పాలిచ్చే ఆవులా చూసుకుంటావు దాన్ని. అసలేం చేస్తుందది?"

"రోజూ బర్లాప్‌ని పరీక్ష చేస్తుంది. తప్పుంటే అరుస్తుంది."

"మా ఆవిడ కూడా అంతే. ఆవిడకి ప్లగ్గు కూడా లేదు." ముక్కు ఎగబీల్చాడు. "సోమవారానికి భయంగా ఉందా?"

"గుండె గురించి కాదు."

రాండీకి అర్థం కాలేదు. అయినా తలూపి, కారిడార్‌లో ప్లగ్గు వెతుక్కుంటూ పోయాడు.

మధ్యాహ్నం కారులో కూర్చుని, ఇంజన్ వేసి, గాస్పర్‌కి ఫోన్ చేసింది. అద్దం మీద ఉప్పూ బురదా కలిసి చారలు కట్టాయి. ఎదురుగా సరస్సు సీసం రంగులో ఉంది.

"ఎవరూ?"

"మార్లీస్. డ్యులూత్ నుంచి."

"బతికే ఉన్నావా? అలాంటి చెత్త రాసినదానివి, బుర్రలో నరం చిట్లిందనుకున్నా."

"కావాలనే రాశాను."

అవతల దుంపలు దొర్లుతున్న చప్పుడు. "ఎందుకు?"

"ఎవరు చదువుతారో చూద్దామని."

"నీచమైన పని."

"అవును."

"నాకొద్దు."

"నేనింకా ఏమీ అడగలేదు."

"అడుగుతావు. మా అత్త నాకు కుక్కని అంటగట్టే ముందు సరిగ్గా ఇదే గొంతు పెట్టింది."

"కుక్క ఏమైంది?"

"ఏమవుద్ది? నా మంచం మీద పడుకుంటోంది. ఆ టోబిన్ ఉన్నాడుగా, ఒంటికి తేనె పూసుకుని తిరుగుతాడు. వాడికిచ్చెయ్."

"వాడు ఒప్పుకున్నాడు, గాస్పర్. ఆ ఖాళీ గోనెని."

"చదవకుండానా?"

"ప్రతి వాక్యం చదివానన్నాడు. చదవకుండా అబద్ధం చెప్పాడా, చదివే ఒప్పుకున్నాడా? నాకు తెలీదు. నీకేది నయమనిపిస్తోంది?"

అవతల తలుపు మూసిన చప్పుడైంది, దుంపల దొర్లుడు తగ్గింది.

"రెండూ వాంతొచ్చేలా ఉన్నాయి," అన్నాడు గాస్పర్. "ఇంత తొందరేంటి నీకు?"

"సోమవారం గుండె కోస్తారు."

"ముందే చెప్పి ఏడవొచ్చుగా." గొంతు సవరించుకున్నాడు. "చూడు. ఒక్కడినే అయితే తీసుకోను. నువ్వు చేసిన తప్పే అది, ఇన్నేళ్ళూ ఒక్కదానివే దాని మీద కూర్చున్నావు. మా తూకం దగ్గర ఇద్దరు చూడందే బస్తా కదలదు. బెర్నడెట్‌ని పిలుస్తా. రైళ్ళ సరుకు లెక్కలు చూసే మనిషి, నాకంటే పెంకి."

"నీకంటేనా?"

"నా రాతలన్నీ తిప్పికొడుతుంది. మహా దుర్మార్గురాలు. నీకు నచ్చుద్ది."

మార్లీస్‌కి నవ్వొచ్చింది. నవ్వితే ఊపిరి ఆడలేదు. స్టీరింగ్ మీద నుదురు ఆనించి ఆగింది.

"ఉన్నావా?"

"ఉన్నా. ఇచ్చేస్తున్నా."

"మంగళవారం ఫోన్ చెయ్. ఆ చెత్త గురించి తిట్టాల్సింది ఇంకా ఉంది."

కిందికి వెళ్ళి కుర్చీలో కూలబడింది. ఖాళీ గోనె మార్పుని వెనక్కి తీసుకుంది. గాస్పర్ పేరు, బెర్నడెట్ పేరు సంరక్షకుల వరసలో చేర్చింది. తన పేరు తీసేసింది. 'నిజంగానేనా?' అని తెర అడిగింది. అవునంది. అందరికీ ఒక వాక్యంలో సంగతి రాసింది.

నిమిషాల్లో టోబిన్ జవాబు వచ్చింది: 'అభినందనలు!' సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ఇంటర్నెట్‌లో అతని పేరున్న పుట తెరిచి చూసింది. అలాంటి మనిషి ఎవరూ లేరంది తెర. ఏడాదిపాటు రోజూ కుశలం అడిగిన మనిషి. అతని కోసం బూతులు రాసినవాళ్ళ పేర్లు కూడా ఒక్కొక్కటే నొక్కింది. వాళ్ళూ లేరు. అన్ని పేర్లూ ఒకే చేతివి. చెత్తబుట్ట మీదికి వంగి ఉమ్మింది. నార్త్‌గేల్ చొక్కాతో మూతి తుడుచుకోబోయి, దాన్ని కూడా బుట్టలో పడేసింది.

కారు దాకా వెళ్ళాక చేతులు మొద్దుబారాయి. తొడుగులు కిందే మరిచిపోయింది. మళ్ళీ ఆ మెట్లు దిగి ఎక్కడమా? సోమవారం అయ్యాక తెచ్చుకోవచ్చు. చేతులు కోటు జేబుల్లో దూర్చి, ఇంజన్ వేడెక్కేదాకా కూర్చుంది.

సోమవారం డాక్టరు తల వంచుకుని ఆపరేషన్ గదిలోంచి బయటికి వచ్చేసరికి వరండాలో మార్లీస్ చెల్లెలు లవాన్ ఒక్కతే ఉంది. ఆవిడ అతని మొహం చూసి, తన చేతిసంచీ మూసి లేచి నిలబడింది.

మంగళవారం మాంక్టన్‌లో గాస్పర్ మధ్యాహ్నం దాకా ఫోన్ పక్కనే పెట్టుకున్నాడు. అది మోగలేదు. తర్వాత అతని మొదటి మార్పుని బెర్నడెట్ తిప్పికొట్టింది. అతను గొణుక్కుంటూ మళ్ళీ రాశాడు.

రాండీ వ్యాక్యూమ్ ఈడ్చుకుంటూ నేలమాళిగకి వచ్చాడు. టేబుల్ కిందికి వంగి ప్లగ్గు పట్టుకున్నాడు, వదిలేశాడు. పొడుగు తీగ ఒకటి తెచ్చి కారిడార్ నుంచి లాగి ఊడ్చుకున్నాడు. పెట్టె గురగురలాడుతూనే ఉంది. దాని వెచ్చటి వీపు మీద ఆమె చేతితొడుగులు, పూర్తిగా ఎండి, వేళ్ళు కొంచెం లోపలికి వంగి ఉన్నాయి.