రెండో కాజా చిరిగిన ఫొటో

ముందే ఒక మాట. ఇందులో తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఈ నాలుగు కాగితాలకు పదహారు రోజులు పట్టింది. ‘నేను’ అని మొదలుపెడితే సిగ్గుతో చేయి ఆగిపోతోంది, అందుకని నా గురించి కూడా ‘ఆమె’ అనే రాస్తున్నాను.

ఆమెను అందరూ కాజాలమ్మ అంటారు. దర్జీ షాపులు పంపే చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టడం ఆమె పని. ఇంట్లో ఆమె, ఆమె కూతురు. ఆమెకు కూర్చుని చదివిపెట్టే మనిషి భర్త ఒక్కడే ఉండేవాడు. బస్సు మీద బోర్డు కూడా ఆయనే చదివి చెప్పేవాడు. ఆయన పోయాక ఆమె బస్సుల్ని రంగును బట్టి ఎక్కేది.

కూతురు బట్టల ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసేది. అక్కడ వెనక తలుపుకు ఎప్పుడూ తాళమే. ఒకరోజు బాయిలరు గదిలోంచి పొగ వచ్చింది. రెండు వందల మందీ మిగిలిన ఒక్క తలుపు మీద పడ్డారు. కడుపుతో ఉన్న ఒకామె కాళ్ళ కింద పడి, ప్రాణం దక్కించుకుని బయటపడింది. మర్నాడు కూతురు మెట్ల మీద కూర్చుంది. “తాళం తీస్తేనే మిషను ఎక్కుతా” అంది. కూతురి వెనక నలభై మంది కూర్చున్నారు. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి పదకొండు మందిని పట్టుకుపోయారు. ఒక్కొక్కరి చేతికీ నంబరు పలక ఇచ్చి ఫొటో తీశారు. విడిపించడానికి వెళ్ళిన కాజాలమ్మతో ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించారు. అందులో ఏముందో ఆమెకు తెలియదు. చెప్పినవాడూ లేడు. బొటనవేలికి అంటిన సిరా రెండు రోజులు వదల్లేదు. మూడో రోజు ఆమె పలక కొనుక్కుని పెద్దల బడికి వెళ్ళింది.

పద్నాలుగు నెలలకు కోర్టు కేసు కొట్టేసింది. ఫ్యాక్టరీ తలుపుకు తాళం పోయింది, దాంతోపాటు కూతురి ఉద్యోగమూ పోయింది. ఆ పిల్ల ఏడుస్తూ కూర్చునే రకం కాదు. డ్రైవింగ్ నేర్చుకుంది. బడి వ్యానుకు డ్రైవరు కావాలంటే వెళ్ళింది. యజమాని ఫోను తిప్పి చూపించి, “ఇది మీరేనా?” అన్నాడు. అరెస్టయిన వాళ్ళ ఫొటోలు పోగేసి పెట్టే సైటు ఒకటి ఉందట. పేరు కొడితే చాలు, పలక పట్టుకున్న కూతురు కనిపిస్తోంది. కేసు కొట్టేసిన సంగతి మాత్రం ఎక్కడా లేదు. ఆ పని అక్కడే పోయింది.

ఈసారి అంబులెన్సు ఉద్యోగం. పరీక్షలో నలుగురు మగవాళ్ళ కంటే ముందు వచ్చింది.

“నీ నోరుండగా బండికి సైరనెందుకే” అని కాజాలమ్మ నవ్వింది.

కూతురు నవ్వలేదు. “రెండు వారాల తర్వాత పేరు వెతికి చూస్తారటమ్మా. ఆ తర్వాతే ఆర్డరిస్తారు. అందుకే పేరు మార్చేసుకుందామనుకుంటున్నా.”

“మీ నాన్న పెట్టిన పేరే అది!”

“ఆ పేరుతోనేగా నన్ను దొంగల్లో కలిపారు.”

 మర్నాడు పొద్దున్నే కాజాలమ్మ వీధి చివర జిరాక్సు షాపాయన దగ్గరకు వెళ్ళింది. ఫొటో తీసేయమని సైటు వాళ్ళకు ఆయన ఇదివరకే రెండు ఉత్తరాలు పంపాడు, జవాబు లేదు.

“ఏం రాశావు నాయనా? ఏదీ, చూడనీ.”

ఆయన అచ్చు తీసి ఇచ్చాడు. ఆమె కొంగు ముడిలోంచి దర్జీ సుద్దముక్క తీసి, ఒక్కో మాట కింద గీత గీసుకుంటూ చదివింది. మూడో గీత దగ్గర చేయి ఆగింది.

“‘తెలియక చేసిన తప్పును మన్నించి’... తప్పా? ఏం తప్పు చేసిందిరా నా కూతురు?”

“ఊరికే పిన్నీ, మర్యాదకి. బతిమాలితే పని అవుతుందని...”

“ఆ మర్యాద నీ దగ్గరే ఉంచుకో. ఆ సైటులో ఉన్న రాతంతా అచ్చు తీసివ్వు.”

“ఫొటో కిందదా?”

“మొత్తం. అడుగున చీమల్లా ఉన్నదీ.”

“అవి నిబంధనలు పిన్నీ. పన్నెండు కాగితాలు. ఎవరూ చదవరు. రాసినవాడే చదివుండడు.”

“కాజాకి ముప్పై కుట్లు నాయనా. ఎవరూ లెక్కపెట్టరు కదా అని నేను ఇరవై వేస్తే, రెండో ఉతుక్కి కాజా పిగిలి గుండీ నిలవదు. తీసివ్వు.”

చదువొచ్చిన వాళ్ళు కాగితాన్ని చూపుతో తుడిచేస్తారు. కాజాలమ్మకు ఆ విద్య రాలేదు. ఒక్క మాట దాటేస్తే తర్వాతి మాట అర్థం కాదు. చొక్కాల కట్ట పక్కన పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని, రోజంతా సుద్దతో గీతలు గీసింది. తెలియని మాట వస్తే బడి పంతులమ్మ దగ్గరకు నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం, తొమ్మిదో కాగితంలో, పద్నాలుగో నిబంధన దగ్గర సుద్ద విరిగింది. “న్యాయస్థానము కొట్టివేసిన కేసులకు సంబంధించిన చిత్రములు, ఉత్తర్వు నకలు పంపిన ఏడు దినములలో తొలగించబడును.”

మళ్ళీ చదివింది. మూడోసారి పైకి చదివింది. పైన కప్పు తప్ప వినేవాళ్ళు లేరు.

ఇంట్లో రేకుపెట్టెలో, భర్త కళ్ళజోడు కింద, కోర్టు కాగితం భద్రంగా ఉంది. అది పట్టుకుని జిరాక్సాయన దగ్గరకు వెళ్ళి, తాను చెబుతుంటే కొట్టమంది.

“అయ్యా, మీ పద్నాలుగో నిబంధన ప్రకారం ఈ ఫొటో తీసేయాలి. కోర్టు ఉత్తర్వు జత చేశాను. ఏడు రోజులు చూస్తాను. ఎనిమిదో రోజు వకీలు దగ్గరకు వెళ్తాను. మేము ఏ తప్పూ చేయలేదు. అంతే.”

“కింద ‘దయచేసి’ అని పెట్టనా పిన్నీ?”

“జీతం పెంచమని అడుగుతున్నామా? పెట్టకు. పంపే ముందు ఆ ఫొటో రంగుల్లో పెద్దది ఒకటి తీసివ్వు.”

“తీయించే ఫొటో ఎందుకు?”

“చెప్తాలే.”

ఆ రోజే ఆమె ఫొటోను తీరిగ్గా చూసింది. కూతురు జుట్టులో దారప్పోగులున్నాయి. గడ్డం పైకెత్తి కెమెరా వైపు సూటిగా చూస్తోంది. తాను కాజాలు కుట్టిన చొక్కాకే, పోలీసులు లాగినప్పుడు కాబోలు, రెండో కాజా చిరిగింది. మిగతా కాజాలు చెక్కుచెదరలేదు.

అయిదో రోజు సైటులోంచి ఫొటో పోయింది. కానీ పేరు వెతికితే చిన్న బొమ్మ ఇంకా కనిపిస్తూనే ఉంది. పేర్లు వెతికిపెట్టే కంపెనీ వాళ్ళకు వేరే ఫారం పెట్టాలని జిరాక్సాయన కనుక్కున్నాడు. ఈసారి అడుగునున్న రాతంతా ఆయనే ముందు చదివాడు.

“ఏం నాయనా, సుద్ద కావాలా?” అంది కాజాలమ్మ.

“ఇవ్వండి పిన్నీ” అన్నాడు, నవ్వకుండా.

రెండు వారాల గడువుకు ఒక్కరోజు ముందు కూతురు తనే పేరు కొట్టింది. మూడుసార్లు కొట్టింది. ఎవరో వేరే ఊరి డాక్టరు, పాటలు పాడే ఒకామె కనిపించారు. పలక పట్టుకున్న మనిషి ఎక్కడా లేదు. ఫోను పక్కన పెట్టి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. 

ఆర్డరు వచ్చింది. మొదటి రోజు యూనిఫారం వేసుకుని గదిలోకి వచ్చిన కూతురు గోడ చూసి ఆగిపోయింది. నాన్న ఫొటో పక్కన, అదే కొలత చట్రంలో, తన ఫొటో. పలక, నంబరు అన్నీ ఉన్నాయి.

“అమ్మా! నీకేమైనా మతిపోయిందా? దీన్ని తీయించడానికేగా ఇన్నాళ్ళు తిరిగావు!”

“అక్కడ ఎవడో పెట్టాడు. ఇక్కడ నేను పెట్టుకున్నా. కింద చదువు.”

చట్రం కింద కాజాలమ్మ చేత్తో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన చీటీ ఉంది. ‘తాళం తీయించిన పిల్ల.’

“పిల్లా? ముప్పై నాలుగేళ్ళు నాకు” అంది కూతురు.  చీటీ అంచు ఊడిపోతుంటే వేలితో నొక్కి అంటించింది. “ఎవరైనా వస్తే ఏం చెప్తావు?”

“అడిగితే చాలు. మొత్తం చెప్తా.”

కూతురు గడ్డం పైకెత్తి మెట్లు దిగింది. కాసేపటికి వీధి చివర సైరను మోగింది. కాజాలమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, అది దూరమయ్యేదాకా వింది.

రాసినది కాజాలమ్మ. వయసు అరవై మూడు. ఉండేది అంబులెన్సు స్టేషను వెనక వీధిలో, మేడ మీద రెండు గదుల్లో, కూతురి దగ్గర. కాదు, కూతురే నా దగ్గర ఉంటోంది.